నీటిపిల్లి కోసం వెళ్ళిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు కాగితం మీద విపరీతమైన నమ్మకం ఉండేది. ఏ పనైనా సరే, గంటల వారీగా రాసి, పక్కన గీతలు కొట్టి, కింద నా పొడి సంతకం పెట్టేస్తే సగం అయిపోయినట్టేనని అనుకునేదాన్ని. పిల్లలు చిన్నవాళ్ళు, ఉద్యోగం కొత్తది, మోకాళ్ళు గట్టివి. (ఇప్పుడు ఆ మూడింట్లో ఒక్కటీ అలా లేదు. కాగితం మాత్రం అలాగే ఉంది, దాని మీద మాత్రలు వేసుకునే వేళలు రాసుకుంటున్నాను.) మా ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుంటూ అందరూ ఫోన్లలో ఫొటోలు చూపించుకునేవాళ్ళు. ఒకావిడ పిల్లల్ని కారులో ఎక్కడెక్కడో తిప్పి, జాతీయ పార్కుల్లో పులినీ ఏనుగుల్నీ చూపించుకొచ్చింది. ఆవిడ పులిని చూస్తూ నేను దొండకాయ వేపుడు తినేదాన్ని. చివరికి ఒకరోజు పట్టుదల వచ్చి, పది రోజులు, అయిదు అడవులు, కారు ప్రయాణం అని నాలుగు పేజీల ప్రణాళిక రాసుకుని మా మేనేజరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చదివి, "బాగుందమ్మా. ఆదివారం ఎలాగూ సెలవేగా" అన్నారు.

అలా అయిదు జాతీయ పార్కులు కుదించుకుని కుదించుకుని ఒక్క ఆదివారంలో సర్దుకున్నాయి. విజయవాడ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగిన అడవి మాకు ఒకటే ఉంది. నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్ళలో వేళ్ళు పైకి పెట్టుకుని పెరిగే మడ అడవి. అక్కడ నీటిపిల్లి ఉంటుందని చదివాను. మామూలు పిల్లికి రెండింతలు, ఒంటి నిండా మచ్చలు, నీళ్ళలోకి దిగి పంజాతో చేపలు పట్టుకుంటుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పగానే ఆరేళ్ళ మా అమ్మాయి అభ్యంతరం లేవదీసింది. (అది ప్రతిదానికీ సాక్ష్యం అడిగేది కాబట్టి ఇంట్లో అందరం దాన్ని జడ్జిగారు అనేవాళ్ళం. నాలుగేళ్ళ తమ్ముడు గుమాస్తా. అక్క ఏమన్నా ఆఖరి మాట వాడు మళ్ళీ అనేవాడు.)

"పిల్లి నీళ్ళలో దిగదమ్మా. తడిస్తే పారిపోద్ది."

"పారిపోద్ది," అన్నాడు గుమాస్తా.

"ఇది దిగుతుంది. నేను చూపిస్తాగా," అన్నాను.

జడ్జిగారు అప్పటికి ఊరుకుంది. సాయంత్రం నేను వెనక వరండాలో గిన్నెలు సర్దుతుంటే గదిలోంచి దాని గొంతు వినిపించింది. "అమ్మ చూపిస్తానంటే చూపించదురా. ఊరికే అంటది. సముద్రం అంది, చూపించిందా? సర్కస్ అంది, సర్కస్ వెళ్ళిపోయింది." "వెళ్ళిపోయింది," అన్నాడు వాడు. అందులో కోపం కూడా లేదు. రేపు సోమవారం అన్నంత మామూలుగా చెప్పింది. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నిజమే, ఆ రెండేళ్ళలో ఉద్యోగం పేరు చెప్పి ఎన్ని మాటలు వాయిదా వేశానో నాకే లెక్క తెలియదు. చాలా బాధేసింది. ఇక ఆ పిల్లిని చూపించడం అనేది విహారయాత్ర వ్యవహారం కాకుండా పోయింది. జడ్జిగారి కోర్టులో నా మాట ఒక్కసారైనా నెగ్గాలి.

పడవాయనతో ఫోన్లో మాట్లాడాను. "పదింటికల్లా వచ్చేయండమ్మా. పన్నెండు దాటితే నీళ్ళు తీస్తాయి, లోపలికి పోలేం" అన్నాడు. వెంటనే కాగితం తీశాను. ఆరింటికి బయలుదేరుట, తొమ్మిదిన్నరకు నాగాయలంక, పదింటికి పడవ, పదకొండుకు నీటిపిల్లి. కారులో స్టీరింగు పక్కన అందరికీ కనబడేలా అతికించాను. మా ఆయన అది మొత్తం చదివి, "ఇందులో నేను ఊపిరి పీల్చేది ఎన్నింటికి?" అని అడిగారు. ఆయన డ్రైవింగు నేర్చుకుని అప్పటికి రెండు నెలలే అయింది. ముందుకు చాలా బాగా నడిపేవారు. వెనక్కి తీయాల్సి వస్తే మాత్రం దిగి, వీధిలో ఎవరైనా పెద్దమనిషి కనబడతాడేమోనని చూసేవారు.

ఆరింటికి సరిగ్గా కారెక్కాం. అప్పుడు మా అత్తగారు గేటు దగ్గరకు వచ్చి, అద్దంలోంచి తల లోపల పెట్టి, "ఉయ్యూరు మీద నుంచేగా పోతారు? చెల్లికి ఫోన్ చేసి చెప్పాను" అన్నారు.

"ఎందుకత్తయ్యా! టైం లేదు."

"వాళ్ళ వీధి చివర నుంచి పోతా పలకరించకుండా పోతే బాగోదమ్మా. రేపు శుభకార్యాల్లో మొహం మొహం చూసుకోవాలిగా. అయిదు నిమిషాలు."

మా డెల్టాలో చుట్టాలింట్లో అయిదు నిమిషాలంటే స్టవ్వు వెలిగించిన దగ్గర్నుంచి లెక్క. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసి కూడా, కాగితంలో లేదు కదా, జరగదులే అనుకున్నాను.

ఆ పొద్దు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. కంకిపాడు దాటేసరికి మంచు ఇంకా విడలేదు. కోత అయిపోయిన వరి మడుల్లో మినుము మొలకలు పచ్చగా లేస్తున్నాయి, మధ్యమధ్య కుప్పలు మంచులో తేలుతున్నట్టు కనబడుతున్నాయి. పక్కనే కాలువ మాతో పాటు వస్తోంది, కాసేపు చెట్ల చాటుకు వెళ్ళి మళ్ళీ వస్తోంది. జడ్జిగారు అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. ఒళ్ళో బొమ్మల పుస్తకం, అందులో నీటిపిల్లి కోసం వదిలిపెట్టిన ఒక ఖాళీ పేజీ. గుమాస్తా నా భుజం మీద వాలి వెచ్చగా ఊపిరి వదులుతున్నాడు. ఎక్కడికీ చేరకపోయినా ఫరవాలేదు, ఈ రోడ్డు ఇలాగే సాగితే చాలు అనిపించింది. (అనుకున్నది తథాస్తు దేవతలు విన్నట్టున్నారు.)

ఉయ్యూరులో చిన్నత్తయ్య గారు రాత్రే పెసలు నానబోశారు. ఉప్మా పెసరట్లు, అల్లప్పచ్చడి. "రెండేనా? మా ఇంట్లో పెసలకి కరువొచ్చిందా ఏంటి?" అని మూడోది వేశారు. బయటపడేసరికి తొమ్మిదిన్నర. అంటే కాగితం ప్రకారం మేము నాగాయలంకలో ఉన్నాం.

అక్కడితోనైనా ఆగి ఉంటే పదకొండుకో పదకొండున్నరకో పడవ దగ్గర ఉండేవాళ్ళం. ఆ తర్వాత జరిగిన దానికి మా అత్తగారిని అనడానికి లేదు, అదంతా నా స్వయంకృతం. కారు పామర్రు వైపు తిరగగానే నాలో ఏదో రాజుకుంది. "మీ వాళ్ళింట్లో మూడేసి అట్లు తిన్నాం. చల్లపల్లిలో మా పెద్దమ్మ ఇల్లు రోడ్డు మీదే ఉంది. ఆగకుండా పోయామని తెలిస్తే నాకు మాట రాదూ?" అన్నాను.

"కాగితంలో లేదుగా," అన్నారు మా ఆయన, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఉంది," అని పెన్ను తీసి రాశాను: చల్లపల్లి, మంచినీళ్ళు.

పెద్దమ్మకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. మేము వెళ్ళేసరికి వంటింట్లోంచి కొరమీను పులుసు వాసన వీధిలోకి వచ్చి మమ్మల్ని ఎదుర్కొంది. "మంచినీళ్ళు తాగి వెళ్తామంటావా? అల్లుడుగారు అన్నం తినకుండా మా గడప దాటి పోయారంటే, రేపు ఈధిలో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావే అమ్మాయ్?" అంది పెద్దమ్మ. పులుసు ఉడకాలి, గారెలు వేగాలి, రొయ్యలు ఒలవాలి. పడవాయన నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ "బయల్దేరిపోయామండీ" అన్నాను, చివరిసారి నోట్లో గారె ఉండగా. జడ్జిగారు అరుగు మీద కూర్చుని పెద్దమ్మ వాళ్ళ పిల్లికి చేప ముక్కలు పెడుతోంది. ఎడమ చెవి సగం చిరిగిన బూడిదరంగు పిల్లి అది, తిండి దగ్గర మహా పెద్దరికం. చివర్లో గడ్డపెరుగు వేస్తూ పెద్దమ్మ, "ఇంకొక్క గరిటె, అరిగిపోద్దిలే" అంది. మా ఆయన కాదనలేదు. కాదనే శక్తి అప్పటికే ఆయనలో లేదు.

నాగాయలంక చేరేసరికి మూడున్నర. కాగితం ఊడదీసి చేతిలో పట్టుకునే కారు దిగాను. పడవాయన నెత్తిన తువ్వాలు చుట్టుకుని, పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న మనిషిలా కాకుండా, మేము చెప్పిన టైముకే వచ్చినట్టు నవ్వాడు. "నీళ్ళు తీసేశాయమ్మా, లోపల పాయల్లోకి పోలేం. అంచెమ్మట తిప్పుతాను. అయినా మీ అదృష్టం, పొద్దు వాలేటప్పుడే అది గట్టు మీదకొచ్చుద్ది. సప్పుడు చెయ్యకుండా కూచుంటే చాలు."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. చుట్టాలు మమ్మల్ని ఆలస్యం చేసింది మంచికే అన్నమాట! జడ్జిగారిని పక్కన కూర్చోబెట్టుకుని, "చూస్తూ ఉండు. నేనూ చూస్తూ ఉంటా. ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. అది బుద్ధిగా తలూపి, ఖాళీ పేజీ తెరిచి పెన్సిల్ పట్టుకుంది.

పడవాయన ఇంజను ఆపేశాడు. గెడ వేస్తుంటే నీళ్ళు పక్కలకు మెల్లగా తాకుతున్నాయి. ఎండ బెల్లంపాకం రంగులోకి తిరిగింది. బురదలోంచి వేళ్ళు వేలకొద్దీ పైకి లేచి ఉన్నాయి, వాటి మధ్య చిన్న చిన్న ఎర్ర పీతలు ఇళ్ళకు పోతున్నాయి. ఎక్కడో ఒక కొంగ ఒక్కసారి అరిచి ఊరుకుంది. గాలిలో ఉప్పు, లోపల కొరమీను పులుసు. మా ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఒక్క నిమిషం కళ్ళకు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ చూద్దామని నేనూ కళ్ళు మూసుకున్నాను.

పడవాయన గట్టు మీద నుంచి తాడు లాగిన కుదుపుకి మెలకువ వచ్చింది. సూర్యుడు లేడు. ఆకాశంలో కాస్త గులాబీరంగు మిగిలి ఉంది. మా ఆయన నోరు తెరిచి నిద్రపోతున్నారు, గుమాస్తా ఆయన పొట్ట మీద. జడ్జిగారు అప్పటికే గట్టు మీద, పడవాయన పక్కన నిలబడి ఉంది. నా ఒళ్ళో ఆ ఖాళీ పేజీ. "అయ్యో!" అన్నాను. సముద్రం, సర్కస్, ఇప్పుడు ఇది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికి చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

అప్పుడు అది పడవ దగ్గరికి వచ్చి, "అమ్మా, నేను చూశా" అంది.

"ఏంటి చూశావ్?"

"నీటిపిల్లిని. గట్టు మీద కూచుంది. నువ్వు చెప్పినట్టే మచ్చలున్నాయ్. నీళ్ళలోకి కూడా దిగింది." ఒక్క క్షణం ఆలోచించి, "ఎడమ చెవి చిరిగింది" అని కలిపింది.

పడవాయన తాడు కడుతూ తల ఎత్తకుండానే, "పాప చూసిందమ్మా, చూసింది" అన్నాడు.

చెవి సంగతి వినగానే నాకు అర్థమైంది. అది చల్లపల్లి చెవి. అయినా కిక్కురుమనలేదు. పైగా ఇంటికెళ్ళి మా అత్తగారికి చెప్పాను, మర్నాడు ఆఫీసులో పులి ఆవిడకి చెప్పాను. ఆ తర్వాత పదేళ్ళ పాటు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. జడ్జిగారు ఆ పేజీలో మచ్చల పిల్లి బొమ్మ వేసి, చిరిగిన చెవితో సహా, కింద "అమ్మ చూపించింది" అని రాసింది. దొంగసాక్ష్యం మీద కేసు నెగ్గిన దాన్ని నేను ఒక్కదాన్నే కాకపోవచ్చు గానీ, అంత సంతోషంగా నెగ్గినదాన్ని నేనేననుకుంటాను.

ఇప్పుడు జడ్జిగారు ఇంటర్ రెండో ఏడు, గుణదలలో హాస్టల్లో ఉంటుంది. పోయిన ఆదివారం ఇంటికి వచ్చి, అటక మీద పుస్తకాలు దులుపుతుంటే ఆ బొమ్మ బయటపడింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం.

"ఈ చెవి చల్లపల్లి అమ్మమ్మ వాళ్ళ పిల్లిది కదే," అన్నాను.

అది ఉలిక్కిపడింది. "నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది. "నేను చూళ్ళేదమ్మా, నేనూ నిద్రపోయా. కానీ అది నిజంగానే వచ్చింది. గట్టు మీద కూచుని చాలాసేపు మనల్నే చూసిందంట. లేపుదామనుకున్నాడంట పడవాయన. ఇంత హాయిగా పడుకున్నారు, ఎలా లేపుతాం అని ఊరుకున్నాడంట. నన్ను ఎత్తి గట్టు మీద దించేటప్పుడు చెప్పాడు."

"మరి ఆయన చూశాడని చెప్పొచ్చుగా! నువ్వు చూశానని ఎందుకన్నావే?"

"ఆయన చూస్తే, నువ్వు చూపించినట్టు అవదు కదమ్మా," అంది, బొమ్మ మీద దుమ్ము చేత్తో తుడుస్తూ.

లేచి వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలు కాసేపు సర్దాను. అప్పటి నుంచీ ఒకటే దృశ్యం కనబడుతోంది. బెల్లంపాకం ఎండలో ఒక పడవ, అందులో నలుగురు నిద్రపోతున్నారు. మధ్యలో ముప్ఫయ్యేళ్ళ ఒకావిడ తల వాల్చేసి ఉంది, చేతిలో గంటల వారీగా రాసిన కాగితం. గట్టు మీద మచ్చల పిల్లి ఒకటి కదలకుండా ఆవిడనే చూస్తోంది. ఆవిడ మీద నాకు నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది. లేపాలని మాత్రం అనిపించడం లేదు.