తాత కత్తికి పడిన గంట్లు

నా చిన్నప్పుడు, అల్వాల్‌లో మా ఇంటి వాకిలి మధ్య ఒక గోడ లేచింది. అవతల మా పెద్దనాన్న సంసారం, ఇవతల మాది. తాతయ్య పోయాక అన్నదమ్ములిద్దరూ బిందెలు, మంచాలు, చివరికి కోళ్ల గూడుతో సహా పంచుకున్నారు. పంచడానికి వీల్లేక మిగిలింది తాతయ్య కత్తి ఒక్కటే. లారీ కమాను పట్టీ తెచ్చి కమ్మరి చేత కొట్టించిన కత్తి అది. మోచేయంత పొడవు, బరువైన వీపు. మాంసం కొట్టాలన్నా, పొయ్యిలోకి కట్టెలు చీల్చాలన్నా అదే. దసరా నుంచి ఉగాది దాకా ఒక ఇంట్లో, ఉగాది నుంచి దసరా దాకా ఇంకో ఇంట్లో ఉండాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. మా నాయనమ్మకూ అదే తీర్పు. కత్తీ, నాయనమ్మా కలిసే గోడ దాటేవారు.

ఆ రోజుల్లో రెండిళ్ల మధ్య ఉన్న పగ ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా కోడి గోడ దాటితే కాలు విరిగి తిరిగొచ్చేది. గాలికి వాళ్ల చీర మా వైపు పడితే మా అమ్మ దాన్ని బురదలో తొక్కి మరీ విసిరేది. పెద్దనాన్న కూతురు నాకన్నా కాస్త పెద్దది, అదీ నేనూ ఒకే బడికి ఒకే దారిన పోయేవాళ్లం. కానీ ఆ అక్క నాతో మాట్లాడితే ఇంట్లో దానికి దెబ్బలు, దానితో నేను మాట్లాడితే నాకు దెబ్బలు.

కత్తి మీద ఆ పగ ఎప్పుడు పడిందో, ముందు ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి అది అలవాటైపోయింది. కత్తి తమ చేతిలోంచి పోయే రోజు దగ్గర పడుతుందనగా, ఎవరింట్లో ఉంటే వాళ్లు దాన్ని పాడుచేసేవారు. ముళ్లూ ముడులూ ఉన్న తుమ్మ మొద్దులు వెతికి తెచ్చేవారు. మొద్దు తల మీద కత్తి ఆనించి, దాని వీపు మీద బండరాయితో మోదేవారు. మొద్దు చీలాక కత్తి నేల మీది రాళ్లకు తగిలి ఖంగుమనేది. వాదర ఒకచోట మడతపడేది, ఇంకోచోట పన్ను పోయేది. తీసుకున్నవాళ్లు తిట్టుకుంటూ సాన పట్టించుకునేవారు, తమ వంతు ముగిసేనాటికి మళ్లీ అదే పని చేసేవారు. చిన్న గంట్లు సానకు పోయేవి, లోతువి అలాగే ఉండిపోయేవి.

ఆ ఏడు దసరాకు కత్తి మా ఇంటి నుంచి పోవాలి. ముందు రోజు మా నాన్న మొద్దు ముందు కూర్చుని అదే పనిగా మోదుతుంటే మా అమ్మకే భయమేసింది.

"గట్ల కొడితే ఇరిగిపోతది" అంది.

"ఇరగనీ. గాడు ఏడ్వాలె" అన్నాడు మా నాన్న.

పండగ పొద్దున నాయనమ్మ కత్తిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట మీద ఉంచి దండం పెట్టింది. పెద్దనాన్న వచ్చాడు. గడప దాటలేదు, వాకిట్లోనే నిలబడి కత్తి అందుకున్నాడు. వాదర మీద బొటనవేలు నిమిరాడు. మొహం నల్లబడింది.

"ఏందిరా ఇది? కత్తి ఇచ్చినవా, రంపం ఇచ్చినవా?"

"నువ్విచ్చినప్పుడు సుత గిట్లనే ఉండె" అన్నాడు మా నాన్న.

ఆ తర్వాత మాటలు కత్తిని వదిలేసి ఎక్కడెక్కడికో పోయాయి. నాయిన పీనుగ లేవకముందే పెట్టె తాళం వెతికినోడివి నువ్వంటే నువ్వన్నారు. మా అమ్మను పెద్దనాన్న ఒక మాటన్నాడు. అది నేను ఇక్కడ రాయను. మా నాన్న వెళ్లి అతని రొమ్ము మీద రెండు చేతులతో తోశాడు. పెద్దనాన్న తూలి, నిలదొక్కుకుని, కత్తి ఎత్తాడు. గోడ అవతలి నుంచి పెద్దమ్మ అరుస్తోంది: "కొట్టు! ఏమైతదో నేను జూస్తా!" మా అమ్మ నన్ను వెనక్కి లాగింది. నేను కళ్లు మూసుకోలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నాయనమ్మ అరుగు మీంచి లేచింది. అరవలేదు, ఏడవలేదు. వాళ్లిద్దరి మధ్యకు పోయి, కొడుకు చేతిలోని కత్తిని వాదర వైపు నుంచే గుప్పిట పట్టుకుంది. పెద్దనాన్న బెదిరిపోయి కత్తి వెనక్కి గుంజాడు. నాయనమ్మ వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది.

ఆమె అరచేయి విప్పి ముందు తనే చూసుకుంది. తర్వాత కత్తి లాక్కుని ఇద్దరి ముందూ పెట్టింది.

"మొద్దువారిన కాడ తెగలే. గీ గంటు కాడ తెగింది. ఇది ఎవడు వెట్టిండు? నువ్వా? నువ్వా?"

కత్తిని వాళ్ల మొహాలకు ఇంకా దగ్గరగా జరిపింది.

"చెప్పుండ్రిరా. నొప్పి నాకైతాంది. ఎవనితోని అయిందో సుత నాకు తెల్వద్దా?"

మా నాన్న ఆ గంటు వైపు చూశాడు. పెద్దనాన్నా చూశాడు. నిజంగా గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నారని వాళ్ల మొహాలు చూస్తే నాకు అర్థమైంది. ఆ కత్తికి అన్ని గంట్లలో ఏది ఎవరిదో వాళ్లకే తెలియలేదు.

కొడుకులిద్దరూ దగ్గరికి రాబోతే ఆమె రానివ్వలేదు. గోడ అవతల నుంచి అక్కను కేకేసి పిలిచింది, నన్నూ పిలిచింది. ఒకరిని నీళ్లు పోయమంది, ఒకరిని పసుపు అద్దమంది. అక్క నీళ్లు పోసింది. నేను పసుపు అద్దాను. బట్ట పీలిక ఇద్దరం కలిసే కట్టాం. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు.

ఆ రోజుతో అన్నదమ్ములు కలిసిపోయారని రాయాలని ఉంది. కలవలేదు. నాయనమ్మే మారింది. కత్తి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. వాకిట్లో గోడ చివర రేకుల పంచ కింద పొయ్యి పెట్టుకుని, మళ్లీ ఎవరింటి వంతుకూ పోలేదు. "నన్ను సుత గా కత్తి లెక్కనే జేస్తరు మీరు" అంది. రెండిళ్ల నుంచీ చీల్చిన కట్టెలు ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేవి. తెచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. అక్కా నేనూ మాత్రం ఆ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. పెద్దనాన్న పోయినప్పుడు మా నాన్న పాడె వెనక వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడే నిలబడి, తిరిగొచ్చాడు. పగ అంత గట్టిది.

మొన్నటిదాకా మేం కాప్రాలో అద్దెకున్నాం. ఇంటాయన మమ్మల్ని పెట్టని బాధ లేదు. నీళ్లు ఆపాడు, మెట్ల మీద మా కోడలిని నానా మాటలన్నాడు. ఖాళీ చేసే రోజు మా అబ్బాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని వంటింటి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడ్డాడు. లోపలి తీగలు పీకేసి మూత బిగించేస్తానన్నాడు.

"వానికి తెలవాలె మమ్మీ" అన్నాడు.

"ఆ స్విచ్చు వాడెయ్యడు బిడ్డా. రేపొచ్చేటోళ్ల పిల్ల ఏస్తది" అన్నాను.

వాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. నా మీద కోపంతోనే కిందికి దిగిపోయాడు. నాకూ ఇంటాయన మీద కోపం తక్కువేం లేదు, ఇప్పటికీ లేదు. గదులన్నీ ఊడ్చి, కుళాయిలు కట్టేసి, కిందికి వెళ్లి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.