స్టీరింగ్ లేని సీట్లో డ్రైవరు

కారు ఒక్క గజం కదలకముందే డ్రైవింగ్ పరీక్షలో సగం తప్పిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే శామీర్‌పేట ఆటో స్టాండుకు రండి. ఖాకీ చొక్కాలో, మీసం మెలేయడం మానేసి కూర్చున్నవాణ్ణి నేనే. ఆ పరీక్షతో నా బతుకెలా బోల్తా పడిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పట్లో గల్ఫ్‌లో ఒక కంపెనీకి వ్యాను నడిపేవాణ్ణి. అక్కడి లైసెన్సు గడువు దగ్గరపడింది. పొడిగించమని అడిగితే ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి, ఆ కిటికీ నుంచి ఈ కిటికీకి, పెళ్లిపందిట్లో పిలవని చుట్టంలా తిప్పారు. చివరికి ఒక గుమాస్తా, గడువు ఎప్పుడో తీరిపోయిన నా హైదరాబాదు లైసెన్సును ఎగాదిగా చూశాడు.

"యే తో మర్ గయా, భాయ్. మీ దేశం పోయి బతికించుకుని రా."

ఆ ఉద్యోగం మీదే మా అన్న మల్లేశం ప్రాణం ఆధారపడి ఉంది. చెరువులో చేపలు పట్టే మనిషి, రెండు కిడ్నీలూ పాడై మంచాన పడ్డాడు. రోజు విడిచి రోజు ఆసుపత్రిలో మిషను అతని రక్తం కడగాలి. ఆ ఖర్చంతా నా జీతమే. పరుగున సెలవు మీద వచ్చాను. గడువు తీరి ఏళ్లయింది గనుక మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాల్సిందే అన్నారు.

పరీక్ష రోజు అన్న కూడా బయలుదేరాడు.

"నువ్వు ఇంట్లనే పండుకో అన్నా. గిట్ల పోయి గట్లొస్త."

"ఇయ్యాల మిషన్ లేదుర తమ్మీ. నువ్వు కారు నడుపుతుంటె నేనెన్నడు సూడకపోతి."

మేడ్చల్ దగ్గర పరీక్షలు పెట్టే ట్రాకు బయట, కారు అద్దెకిచ్చినతను మర్యాదగానే అడిగాడు: "ఒక్క రౌండ్ ప్రాక్టీస్ జేస్తవా అన్నా?"

"ఇసుక తుఫాన్ల నడిపినోణ్ణి. నాకు ప్రాక్టీసా?" అని మీసం మెలేశాను.

దర్జాగా కారు తలుపు తీసి కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ ముందుకు చాచాను. చేతులకి గాలి తగిలింది. స్టీరింగు లేదు. గల్ఫ్‌లో అది ఎడమవైపు ఉంటుంది మరి!

ఇంతలో ఇన్‌స్పెక్టరు వచ్చి నేను కూర్చున్న వైపు తలుపే తీశారు. పరువు కాపాడుకోవాలన్న తొందరలో నోరు జారాను: "సార్, మీరు గటు దిక్కు కూసోండ్రి."

"గటు కూసుంటే టెస్టు నాకైతదయ్యా!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఎడారిలో గెలిచి మేడ్చల్‌లో ఓడిపోతున్నాను. సీటు మారాను. గేరు మారుద్దామని అలవాటుగా కుడి చెయ్యి విసిరితే తలుపు గడి చేతికొచ్చింది. నడుస్తున్న కారుకి తలుపు బార్లా తెరుచుకుంది. సిగ్నల్ ఇవ్వబోతే వైపర్లు ఎండలో అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాయి. ఆ కంగారులో మలుపు దగ్గర గల్ఫ్ అలవాటున రోడ్డుకు కుడిపక్కకి దూసుకుపోయాను. ఎదురుగా ఇంకో కారు. అందులో పరీక్షకొచ్చిన ఒకావిడ స్టీరింగు వదిలేసి దేవుడికి దండం పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు అరిచిన అరుపుకి రెండు కార్లూ ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా ఆగాయి.

ఆయన చెమట తుడుచుకుని అడిగారు: "గల్ఫ్‌ల ఎన్నేండ్లు నడిపినవ్?"

"పదేండ్లు సార్."

"బతికినోళ్లున్నరా?"

కంచె అవతల అన్న కడుపు పట్టుకుని కింద కూలబడ్డాడు. ప్రాణం మీదికొచ్చిందేమోనని పరిగెత్తాను. నవ్వుతున్నాడు! జబ్బు చేశాక అతను అలా నవ్వడం అదే మొదలు.

రెండో ప్రయత్నంలో పరీక్ష పాసయ్యాను. కానీ అప్పటికే సెలవు దాటిపోయింది. నా వ్యాను తాళాలు ఇంకొకరికి ఇచ్చేశామని కంపెనీవాళ్లు ఫోన్‌లో చెప్పారు. ఆ రాత్రి అన్న మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్నే లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"ఊకో తమ్మీ. ఈడనే ఏదో ఒకటి జేసుకుందాం."

ఆటో కొన్నాను. రోజు విడిచి రోజు, తెల్లారగానే అన్నని ఆసుపత్రికి దింపడమే మొదటి బేరం. అక్కడ మిషను ఆన్ చేయగానే అన్న మొదలుపెట్టేవాడు: "నర్సమ్మా, కారెక్కి స్టీరింగ్ ఏదని ఎతికినోడు గీయనే!" చుట్టుపక్కల మంచాలు నవ్వేవి. నేను మందుల సంచి చాటున మొహం దాచుకునేవాణ్ణి.

ఆటోతో వచ్చేది గల్ఫ్ జీతానికి సరితూగలేదు. వానలు మొదలయ్యేసరికి అన్న బాగా నీరసించిపోయాడు. ఒక రోజు ఆటో దిగుతూ నా భుజం పట్టుకున్నాడు.

"నా ఆఖరి బండి మాత్రం నువ్వు నడపకు తమ్మీ."

"గవేం మాటలన్నా?"

"రాంగ్ సైడ్ల పోయి నన్ను మల్ల ఇంటికే తెస్తవ్!"

ఇద్దరం నడిరోడ్డు మీద పడీ పడీ నవ్వాం.

ఆ బండి వేరేవాళ్లే నడిపారు. మొదటినుంచి చివరిదాకా రోడ్డుకు ఎడమ పక్కనే, ఒక్క తప్పు లేకుండా నడిపారు. అన్న తిరిగి రాలేదు.

కనుక, నా ఆటో హారన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకు ప్రాక్టీసు అక్కర్లేదని ఇక ఈ జన్మలో ఎవరితోనూ అనను. రాంగ్ సైడులో అసలే నడపను. కంచె అవతల నవ్వడానికి మల్లేశం అన్న వచ్చి నిలబడితే మాత్రం ఆ ఒట్టు చెల్లదు.