తుపాకీకి కుట్టిన బొంత

అరబ్బు దేశంలోని సల్వాలో, పనివాళ్లంతా బాబా అని పిలిచే యజమాని ఇంటి వంటమనిషి రెడ్డెమ్మకు తుపాకీ అంటే భయం కంటే కుతూహలం ఎక్కువ. ఆ ఇంట్లోనే డ్రైవరుగా చేసి నిరుడు కన్నుమూసిన ఆమె మొగుడు తిమ్మయ్య, ప్రతి చలికాలమూ బాబాను పాతకాలపు తుపాకుల పోటీకి తీసుకుపోయేవాడు. వచ్చినప్పుడల్లా అతని చొక్కా కాలిన టపాకాయల వాసన కొట్టేది.

"ఆడ ఏం చేస్తారయ్యా?" అంటే, "నల్ల తుపాకీమందు కూరిన తూటా. ఒకటి పేల్చినాకనే ఇంకోటి పెట్టాల. కొత్త రకం తుపాకీ తెస్తే గేటు కాడ్నే ఖలాస్" అని నవ్వేవాడు. పాతదానికి అంత మర్యాద ఎందుకో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఈసారి తుపాకీ తుడిచి పెట్టెలో పెట్టే పని ఆమె మీద పడింది. బాబాకు డెబ్బై దాటాయి. సాధనకు వెళ్లిన రోజు తుపాకీ వెనక్కి తన్ని, కుడి భుజం వంకాయ రంగుకు కమిలింది. "మా నాయన తుపాకీతో ఇదొక్కసారి కాల్చి మానేస్తా" అని ఆయన తన భార్యతో అనడం రెడ్డెమ్మ వింది. ఆ సాయంత్రమే తిమ్మయ్య పాత పంచెను మడతలేసి చిన్న బొంత కుట్టింది. భుజానికి ఆనే చెక్క మడమకు దాన్ని తొడిగి, జారకుండా బిగించి కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని అనుకోలేదు.

పోటీ రోజు చాయ్ ఫ్లాస్కు పట్టుకుని తనూ వెళ్లింది. తనిఖీ బల్ల దగ్గర పెద్దమనిషి తుపాకీని తిప్పి తిప్పి చూశాడు. తూటాను పేల్చే సుత్తి బయటికే ఉంది, సరే. దుర్భిణి లేదు, సరే. మడమ దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు.

అక్కడ పనిచేసే రాయచోటి నయీమ్ ఆమె పక్కకు వచ్చాడు. "వదినా, ఆ బొంత ఎవురు కుట్టినారు?"

"నేనే. ఏమైంది?"

"ఆ కాలంలో లేనిది తుపాకీకి తగిలించగూడదంట. పనికిరాదంటాండాడు."

"బొంత ఆ కాలంలో లేదా? మా జేజి పుట్టకముందు నుంచీ ఉండాది!"

"ఆ మాట ఆయప్పకు నువ్వే చెప్పు పో."

బాబా కుట్లు విప్పమని చెయ్యి ఊపి, అదే చేత్తో భుజం తడుముకున్నాడు. రెడ్డెమ్మ కత్తెర అందుకున్నదల్లా ఆగింది.

"నయీమూ, ఆ రూలు తుపాకీకా, మనిషికా?"

"అదేం మాట వదినా?"

"మనిషి కూడా పాతకాలం మాదిరే ఉండాల్నా అని అడుగు. బాబా కండ్లద్దాలు పెట్టుకోలా?"

నయీమ్ నవ్వుకుంటూనే అడిగాడు. పెద్దమనిషి నవ్వలేదు. రూల్సు పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలుంచి చాలాసేపు చదివాడు. చివరికి ఆ వేలుతోనే బాబా కోటు చూపించాడు.

"తుపాకీకి వద్దంట. కోటుకైతే కుట్టుకోవచ్చంట!" అని నయీమ్ తెలుగులో చెప్పాడు.

పిలుపుకు పది నిమిషాలే ఉంది. బాబా కోటు విప్పకుండానే భుజం చాపాడు.

"ఒంటిమీదుండంగ గుడ్డ కుట్టగూడదు. విప్పమను."

"నీకూ ఉండాయే రూల్సు!" అన్నాడు నయీమ్.

ఆమె బొంతను తుపాకీ నుంచి ఊడదీసి కోటు భుజానికి కుట్టి, ఆఖరి ముడి వేసి దారం పంటితో తెంపేసరికి బాబా పేరు పిలిచారు.

తుపాకీ పేలింది. తెల్లటి పొగ దుప్పటిలా లేచి, అందరినీ కప్పేసింది. అదే వాసన. ఇన్నేళ్లూ సబ్బుతో రుద్ది రుద్ది వదిలించిన వాసన. దూరాన ఇనుప పలక ఖణేల్‌మంది. బాబా భుజం మీది బొంతను రెండుసార్లు తట్టి, ఇంకో తూటా అందుకున్నాడు.

రెడ్డెమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆ బుక్కులో ఇంకా ఏమేం రాసిండారు నయీమూ?"