పచ్చికలో పరువు

డిట్రాయిట్ దగ్గర నోవైలో ఇల్లు కొనుక్కున్న మొదటి వసంతంలో రాజగోపాల్ ఒక ఫోటో తీయించుకున్నాడు. ఇంటి ముందు పచ్చిక నిండా పసుప్పచ్చని పూలు. వాటి మధ్యన సూటు వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన. పక్కన పట్టుచీర మీద స్వెట్టరు తొడుక్కుని భార్య భానుమతి. ఇల్లు అమ్మిపోయిన ముసలాయన ఎంత రసికుడో, పోతూ పోతూ ఇంత పూలతోట వదిలిపోయాడని రాజగోపాల్ మురిసిపోయాడు. ఒక్క పువ్వు కూడా వాడిపోకూడదని రోజూ సాయంత్రం పైపు పట్టుకుని నీళ్ళు పోశాడు. ఆ ఫోటో కాపీలు గుడివాడ నుంచి హ్యూస్టన్ దాకా బంధువులందరికీ వెళ్ళాయి.

మూడిళ్ళ అవతల ఉండే హెండర్సన్ ఒకరోజు కుక్కని తిప్పుకుంటూ వచ్చి ఆగాడు. వీధిలో ఇళ్ళవాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. పైపు వంకా, పూల వంకా కాసేపు చూశాడు.

"మిస్టర్ గోపాల్, అవి కలుపుమొక్కలని మీకు తెలుసు కదా?" అన్నాడు, చాలా మర్యాదగా.

రాజగోపాల్‌కి తల కొట్టేసినట్టయింది. తెలుసన్నాడు. తెలిసే నీళ్ళు పోస్తున్నానన్నాడు. వేళ్ళు మెత్తబడితే పీకడం సులువని అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం కూడా చెప్పాడు. హెండర్సన్ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే రాజగోపాల్ నోరు తిరగని ఆ పూల పేరు నేర్చుకున్నాడు. డాండిలయన్. అది నేర్చుకున్న రోజు నుంచే దానితో పగ మొదలైంది.

మనిషి చెడ్డవాడేం కాదు. ఒక కార్ల కంపెనీలో కిటికీ అద్దం దించే హ్యాండిల్ డిజైన్ చేసే ఇంజనీరు. ఆ హ్యాండిల్ గురించి అడిగితే ఆలోచించి చెబుతాననేవాడు. మిగతా ప్రపంచం గురించి మాత్రం ఆలోచించకుండానే చెప్పేవాడు. ఆయనకున్న రోగమల్లా ఒకటే, ఎవరేమనుకుంటారో అన్న బెంగ. గుడివాడలో ఉన్నప్పుడు గుడివాడవాళ్ళు ఏమనుకుంటారోనని, ఇక్కడికొచ్చాక తెల్లవాళ్ళు ఏమనుకుంటారోనని. జనం మారారు గానీ బెంగ మారలేదు.

ఇంతలో భానుమతి ఇంకో ఘనకార్యం చేసింది. ఆవిడకి ఆకు కనబడితే చాలు, తుంచి కొరికి చూడడం అలవాటు. డాండిలయన్ లేత ఆకు కొరికి చూసింది. కాస్త చేదు. చింతపండు దండిగా వేస్తే ఆ చేదు దారికొస్తుందని లెక్క తేల్చుకుంది. కందిపప్పుతో ఉడకబెట్టి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టింది. రాజగోపాల్ రెండుసార్లు కలుపుకుని తిని, వేళ్ళు నాక్కుని, "ఏం కూరోయ్ ఇది, ఎక్కడ దొరికింది?" అని అడిగాడు.

భానుమతి కిటికీలోంచి బయటికి చూపించింది.

కొరివికారం తిన్నవాడిలా అయిపోయింది ఆయన మొహం. "నువ్వు కోస్తుంటే ఎవరైనా చూశారా?" అన్నది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. అరుగుతుందా లేదా అన్నది రెండో ప్రశ్న.

"చూస్తే ఏమండీ? కూరే కదా కోశాను, గొంతులు కాదుగా."

"ఇంజనీరు పెళ్ళాం లాన్‌లో గడ్డి కోసుకు తింటోందంటారు! ఇంకోసారి ఆ ఆకు వంటింట్లో కనబడిందంటే ఊరుకోను."

మర్నాడే మందు చల్లే బండి కొనుక్కొచ్చాడు. కలుపు చచ్చి గడ్డి బలిసే గుళికలు అందులో పోసి, మంచు తడి ఆరకముందే, టై కట్టుకుని మరీ తోసేవాడు. మిగిలినవాటి కోసం రెండు కోరల పొడుగాటి ఇనుపకర్ర. డాండిలయన్ వేరు ముల్లంగిలా లోపలికి దిగి ఉంటుంది. మధ్యలో తెగితే మళ్ళీ మొలుస్తుంది. అందుకని ఆపరేషన్ చేస్తున్న డాక్టరులా ఊపిరి బిగబట్టి లాగేవాడు. కూతురు మీనా తెల్లటి గింజల బంతి ఒకటి తెచ్చి ఉఫ్‌మని ఊదబోతే, చేతిలో బాంబు చూసినట్టు కేకలు పెట్టి దాన్ని లాక్కున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన పచ్చిక తివాచీలా తయారైంది. దాని మీద ఎవరినీ నడవనిచ్చేవాడు కాదు. తనూ నడిచేవాడు కాదు.

ఎనభై రెండొచ్చింది. డిట్రాయిట్ చుట్టుపక్కల ఎక్కడ విన్నా లేఆఫ్ మాటే. ఉద్యోగం ఊడినవాడి ఇల్లు వీధిలోంచే తెలిసిపోయేది. ముందు గడ్డి పెరుగుతుంది, తర్వాత పసుప్పచ్చని పూలు లేస్తాయి. రాజగోపాల్ ఉద్యోగం ఊడలేదు. కానీ ఊడిందని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో ఆయనకి నిద్ర పట్టేది కాదు. అందుకని గడ్డి వారానికి రెండుసార్లు కోయడం మొదలుపెట్టాడు.

ఎదురింటి స్టాన్‌కి నిజంగానే ఊడింది. ఫ్యాక్టరీలో కార్లకి తలుపులు బిగించేవాడు. రాజగోపాల్ హ్యాండిల్ బిగించిన తలుపులు కూడా వాటిలో ఉండే ఉంటాయి. చలికాలంలోనే గడ్డి కోసే మెషీన్ అమ్ముకున్నాడు. ఏప్రిల్ చివరికి ఆయన ఇంటి ముందు పసుపు ఆరబోసినట్టయింది. నాలుగు రోజులు పోతే అవన్నీ గింజలై, గాలికి లేచి, నేరుగా వచ్చి తన తివాచీ మీద వాలతాయని రాజగోపాల్‌కి తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

ఇళ్ళవాళ్ళ సంఘం మీటింగుకి ఎప్పుడెళ్ళినా వెనక కుర్చీలో కుక్కిన పేనులా కూర్చునే మనిషి, ఆ నెల లేచి నిలబడ్డాడు. స్టాన్ రాలేదు. ఒకరి నిర్లక్ష్యం వల్ల వీధి పరువంతా పోతోందన్నాడు. ఇళ్ళ విలువ అన్నాడు. క్రమశిక్షణ అన్నాడు. పేరు చెప్పలేదు గానీ ఇంటి నంబరు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మందు కొట్టేవాణ్ణి పిలిపించి వీధి పొడుగునా, స్టాన్ ఇంటితో సహా కొట్టించాలని అక్కడే తీర్మానించారు. హెండర్సన్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "బాగా చెప్పావు రాజ్" అన్నాడు.

రాజ్! ఇన్నేళ్ళ మిస్టర్ గోపాల్ ఒక్క దెబ్బతో రాజ్ అయ్యాడు. ఇంటికొచ్చి ఆ ముక్క భానుమతికి మూడుసార్లు చెప్పాడు.

"పాపం, ఆయనకి పనే లేదుగా" అందావిడ.

"పని లేనప్పుడే కదా గడ్డి కోసుకోడానికి తీరికుండేది" అన్నాడు రాజగోపాల్. వారం తిరిగేసరికి వీధంతా డాండిలయన్లు మెలికలు తిరిగి చచ్చాయి.

సరిగ్గా అప్పుడే ఉగాది వచ్చిపడింది. అసలు ఉగాది మార్చిలోనే అయిపోయింది. ఆ రోజు రాజగోపాల్ హెండర్సన్‌ని ఆపి, ఇవాళ మా కొత్త సంవత్సరమని చెప్పి చెయ్యి కలిపాడు కూడా. కానీ తెలుగు సంఘానికి స్కూలు కెఫెటేరియా మే మూడో శనివారం గానీ ఖాళీ దొరకలేదు. కాబట్టి సంఘం పంచాంగం ప్రకారం ఉగాది ఆ శనివారమే. కిందటేడు పచ్చడిలో మామిడికాయకి బదులు పచ్చ ఆపిల్, కొత్త బెల్లానికి బదులు బ్రౌన్ షుగర్, వేపపువ్వుకి బదులు ఎవరో డాక్టరు గారి భార్య సలహా మీద ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపారు. కమిటీలో రాజగోపాల్ దాన్ని ఏకిపారేశాడు. "షడ్రుచుల్లో కాఫీ ఎక్కడుందండీ? ఈసారి నేను తెస్తాను, అసలైన వేపపువ్వు!" ఆ ఊపులోనే వచ్చే ఏటి ప్రెసిడెంటు ఆయనేనని నలుగురూ అన్నారు.

ఇప్పటి ప్రెసిడెంటు డాక్టర్ జగన్మోహన్ హైదరాబాదు నుంచి వస్తూ రాజగోపాల్ కోసం వేపపువ్వు పొట్లం తేవాలి. తెచ్చాడు కూడా. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాడు దాన్ని వాసన చూసి చెత్తబుట్టలో పడేశాడు. ఆ సంగతి గురువారం సాయంత్రం ఫోన్‌లో చల్లగా చెప్పాడు.

రాజగోపాల్ నీరసంగా సోఫాలో కూలబడ్డాడు. భానుమతి తీరిగ్గా ఉల్లిపాయలు తరుగుతూ అంది. "డాండిలయన్ ఉందిగా. రేకులు చూపుకి పనికొస్తాయి, వాటికి చేదుండదు. లేతాకు సన్నగా తరిగి వేస్తే చేదు వస్తుంది. ఎవడికీ తెలీదు."

ఆయన ఎగిరి గంతేశాడు. మరుక్షణమే చతికిలబడ్డాడు. వీధిలో ఒక్కటంటే ఒక్క పువ్వు లేదు. ఉన్న నాలుగూ మందు తాగి మెలికపడ్డవి.

"వాటి జోలికెళ్ళారంటే జనం చస్తారు" అంది భానుమతి. "మందు కొట్టని చోటు చూసుకోండి. మీ ధర్మమా అని ఈ చుట్టుపక్కల అలాంటిది మిగిలిందో లేదో."

ఒకటి మిగిలింది. చర్చి వెనక బీడు. సాయంత్రమైతే ఆ పూలు ముడుచుకుపోతాయి కాబట్టి శనివారం పొద్దున ఎండెక్కాక వెళ్ళాలి. వెళ్ళాడు. ఫంక్షన్ కోసం ఇస్త్రీ చేసుకున్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కిరాణా సంచీ పరిచి, బోర్లా పడి ఏరుతున్నాడు. అంతలో తల పైన నీడ పడింది. చర్చిలో ఆ రోజు కేకుల అమ్మకం. చేతిలో కేకు డబ్బాతో హెండర్సన్.

"రాజ్, అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఇవి... తినడానికి."

హెండర్సన్ మొహంలో రంగు మారింది. రాజగోపాల్ కంగారుగా ఉన్న నిజమంతా చెప్పేశాడు. ఇవాళ మా కొత్త సంవత్సరం, ఆ రోజు మేం చేదు తినాలి, జీవితంలో కష్టాలు కూడా వస్తాయి, వాటిని ధైర్యంగా మింగాలి, అదీ దీని అర్థం.

"కొత్త సంవత్సరం మార్చిలో అన్నావు కదా?"

"అది... అది అసలుది. ఇది కెఫెటేరియాది."

హెండర్సన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. కేకు డబ్బా చేతిలో పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

పచ్చడి మాత్రం అమోఘంగా కుదిరింది. "వేపపువ్వు ఇంత పచ్చగా ఉందేంటండీ?" అని జగన్మోహన్ అడిగాడు. "ఇంకో మనిషి చేత తెప్పించాను. ఎండబెట్టింది తిని తిని మీరంతా అసలు రంగు మర్చిపోయారు" అన్నాడు రాజగోపాల్. నలుగురూ కళ్ళు మూసుకుని చప్పరించి, మా ఊరు గుర్తొచ్చిందన్నారు. భానుమతి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో హెండర్సన్, వీధిలోవాళ్ళు మరో ఇద్దరు, వెనక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ స్టాన్. పెట్టె నిండా సూపు డబ్బాలు, రొట్టెలు, బియ్యం, పిల్లకి చాక్లెట్లు.

"చర్చి నుంచీ, వీధి నుంచీ" అన్నాడు హెండర్సన్. "సిగ్గుపడాల్సిందేమీ లేదు రాజ్. ఈ ఏడు ఎవరికైనా జరగొచ్చు."

రాజగోపాల్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నాకు ఉద్యోగం ఉంది" అన్నాడు.

"ఉంది, ఉంది" అన్నారు అందరూ మెత్తగా. ఇంట్లో ఏం తింటున్నారని హెండర్సన్ భార్య ఆ పొద్దున వీధిలో మీనాని అడిగిందట. "మమ్మీ డాండిలయన్స్ పప్పు చేస్తే డాడీ టూ టైమ్స్ తిన్నాడు" అని పిల్ల గర్వంగా చెప్పిందట. ఇంకేం సాక్ష్యం కావాలి?

స్టాన్ పెట్టె దించి, చెమట తుడుచుకుని, స్వరం తగ్గించాడు. "మొదటి నెలే కష్టం. తర్వాత అలవాటవుతుంది. ఒక్క మాట విను, గడ్డి కోసే మెషీన్ మాత్రం అమ్ముకోకు. నేను అమ్ముకున్నా. ఎవడో పోయి నా మీద మీటింగులో ఫిర్యాదు చేశాడు. రేపు నీ మీదా చేస్తాడు వాడు."

హెండర్సన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. రాజగోపాల్ కూడా హెండర్సన్ బూట్ల వంకే చూశాడు. "థాంక్యూ" అన్నాడు రాజగోపాల్ చివరికి. పెట్టె లోపలికి తీసుకున్నాడు.

సోమవారం పొద్దున టై కట్టుకుని కారు తీస్తుంటే, ఎదురింటి మెట్ల మీంచి స్టాన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. "ఇంటర్వ్యూకా? ఆల్ ది బెస్ట్!" మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. ఉద్యోగం ఉందని లోకానికి చాటడానికి ఇన్నాళ్ళూ గడ్డి కోసినవాడు, ఇప్పుడు ఆఫీసుకి దొంగలా పోవాల్సి వచ్చింది.

ఆ శనివారం స్టాన్ కాగితపు సంచీ తెచ్చి భానుమతికి ఇచ్చి వెళ్ళాడు. నిండా డాండిలయన్ లేతాకు, వేళ్ళు తీసి, కడిగి. చర్చి వెనక బీడులోంచి తెచ్చానని, అక్కడ మందు కొట్టరని చెప్పాడట.

భానుమతి పప్పు వండింది. రాజగోపాల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "చింతపండు వేయలేదా?"

"లేదు" అంది భానుమతి. "మీరు వెళ్ళి ఆయనకి చెప్పండి."

"ఏమని? ఉద్యోగం ఉందనా? చెప్పాగా, నమ్మరు."

"అది కాదు. ఫిర్యాదు చేసింది మీరేనని."

రాజగోపాల్ కిటికీలోంచి చూశాడు. ఎదురింటి ముందు మందుకి మాడిన గడ్డి, మెట్ల మీద స్టాన్. నోట్లో ముద్ద మంచినీళ్ళు తాగి మింగాడు. కంచం మొత్తం ఖాళీ చేశాడు గానీ లేచి బయటికి వెళ్ళలేదు. సోమవారం చెబుతానన్నాడు.

సోమవారం పొద్దున కారు తీస్తుంటే స్టాన్ మళ్ళీ బొటనవేలు ఎత్తాడు. రాజగోపాల్ కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తన హ్యాండిల్ తనే తిప్పి, అద్దం దించి, తనూ బొటనవేలు ఎత్తి, ఆఫీసుకి వెళ్ళిపోయాడు.