మూడు విజిల్స్‌లో పది బొమ్మలు

గుమస్తా పోస్టులు పడేనాటికి నా వయసు అంచుకు వచ్చేసింది. ఈసారి తప్పితే మళ్ళీ రాసే వీల్లేదు. మిగతా పేపర్లతో నాకు పేచీ లేదు, రీజనింగ్‌తోనే చిక్కంతా. వరసగా నాలుగు బొమ్మలు ఇస్తారు. బాణం తిరుగుతుంటుంది, చుక్క మూల మారుతుంటుంది, ఐదో బొమ్మ ఏదో మనం చెప్పాలి. చెప్పగలను, కానీ తీరిగ్గా. పైగా పుస్తకం వెనకున్న జవాబు నచ్చకపోతే దాంతో పోట్లాటకు దిగేదాన్ని.

అప్పుడు నాచారంలో అన్న ఇంట్లో ఉండేదాన్ని. అన్నది ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, వదినది ఉప్పల్‌లో బట్టల షాపులో. నా చదువంతా వంటగది గడప మీదే. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే అది మోగేలోపు ఏ చీరల వీడియోలోనో తేలేదాన్ని. ఓ సాయంత్రం వదిన ఆ ఫోన్ లాక్కుని, పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టింది.

"మూడు విజిల్స్ వచ్చేలోపు పది బొమ్మలు అయిపోవాలె. కాకుంటే పెన్ను కింద పెట్టు. గంతే."

ఆరో బొమ్మ దగ్గరే మూడో విజిల్ వచ్చేసింది. కుక్కర్ మీద అరిచాను.

"దాన్నెందుకు తిడ్తవ్? పప్పు ఉడికింది, నువ్వే ఉడకలే" అని నవ్వింది వదిన.

వారం తిరక్కుండానే పదీ పూర్తి చేశాను. ఎంత గర్వపడ్డానో! ఆ రోజుల్లో పప్పు మరీ గుజ్జయిపోయేది. చేయి తిరిగిన మనిషికి ఇదేం ఖర్మ అనుకుని ఊరుకున్నాను. రోజూ పప్పే. టమాటా పప్పు, పాలకూర పప్పు, ఏమీ లేకపోతే వట్టి పప్పు. అన్నకు పప్పంటే పడదు.

"ఇయ్యాల గూడ పప్పేనా?" అనేవాడు కంచం ముందు కూర్చుని.

"పరీక్షయ్యేదాంక సప్పుడు జెయ్యకుండ తిను" అనేది వదిన. పాపం, తినేవాడు.

పరీక్ష పీర్జాదిగూడలో పడింది. కంప్యూటర్ తెర మీద టైమ్ అంకెలు తగ్గిపోతున్నా నేను వాటివైపు చూడలేదు. చెవుల్లో కుక్కర్ కూతే. పదేసి బొమ్మలు చేసుకుంటూ పోయాను. ఉద్యోగం వచ్చింది.

చేరాక వచ్చిన మొదటి ఆదివారం వదినను కూర్చోబెట్టి నేను వంటకు దిగాను. అలవాటు కొద్దీ పప్పే పెట్టాను. మాడుతుందేమోనన్న భయంతో మంట బాగా తగ్గించాను. కూరగాయలు తరగడం అయిపోయింది, బియ్యం కడగడం అయిపోయింది, ఒక్క విజిలూ లేదు.

"కుక్కర్ పాడైనట్టుంది వదినా."

"సన్న మంట మీద గట్లనే ఆలస్యమైతది. నీకు మొదట్ల గట్లనే పెట్టిన. తొల్తరోజు ఆరో బొమ్మ కాడ ఆగిపోయి నువ్వు ఏడుపు ముఖం పెడ్తే సూడలేకపోయిన. చేతనైతదని నీకు నమ్మకం రావాలె గదా. ఆ ఎన్క మంట రోజింత పెంచుకుంట వచ్చిన."

కత్తిపీట పక్కనే కూలబడ్డాను. బాణం ఎటు తిరిగిందో, చుక్క ఎంత జరిగిందో కనిపెట్టి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. నా కళ్ళెదుటే పొయ్యి నాబ్ రోజుకింత తిరుగుతుంటే చూడలేదు. వదినను పట్టుకుని భోరుమన్నాను.

"సాలు తియ్, మంట పెంచు," అంది వదిన నా వీపు నిమురుతూ. "మీ అన్నకు ఆకలైతుంది."