కడాన వచ్చే పోలయ్య

పరుగు వచ్చిన ఏ మనిషైనా చిన్నపోలయ్యను ఓడించగలడు. రానివాళ్ళు కూడా ఓడించగలరు. నేను ఓడించాను, ఒక రోజూ రెండు రోజులూ కాదు, ఏడాదీ రెండు నెలలు. పరుగులో నా స్థాయి ఏమిటో దీన్ని బట్టే మీకు తెలిసి ఉంటుంది. పోలయ్యకున్న అలవాటు ఒక్కటే. ఎవరు పరుగెత్తినా, ఎంత మెల్లగా పరుగెత్తినా, అందరికంటే చివర వచ్చేది అతనే. ఆ స్థానం మీద అతనికి పట్టా ఉన్నట్టే ఉండేది.

నా పేరు పుష్పకుమారి. బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెబుతాను. వయసు నలభై ఏడు, బరువు అప్పట్లో ఎనభై ఆరు, సుగరు ఎంతో మీకు అనవసరం. నా మోకాళ్ళు చూసిన డాక్టరు, ఇప్పుడు కదలకపోతే మూడేళ్ళ తర్వాత కదలాలన్నా కదల్లేరని చెప్పాడు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత తేలిగ్గా. ఇంటికొచ్చి రేపటినుంచి పరుగెత్తుతానంటే మా ఆయన నరేంద్రబాబు పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"కుట్టు మిషను, హిందీ పరీక్ష, యోగా, కొర్రన్నం" అన్నాడు.

నేను మొదలుపెట్టి మానేసినవి, వరసగా. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి నా గురించి గుర్తుపెట్టుకున్నది ఆ పట్టిక ఒక్కటే. పెళ్ళిరోజు గుర్తుండదు, పట్టిక మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకని ఇదొక్కటీ చచ్చినా మానకూడదనుకున్నాను. మోకాళ్ళ కోసం కొంత, ఆ నోరు మూయించడానికి మిగతాదంతా.

మా ఊళ్ళో ఈ పరుగు పెట్టించినవాడు రొయ్యపిల్లల హేచరీ మేనేజరు కిషోర్ బాబు. ముప్పై రెండేళ్ళవాడు. ఒంట్లో కొవ్వు లేదు, మనసులో జాలి లేదు. చేతికి ఒక గడియారం, అది గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుందట. నా గుండె సంగతి నాకు ఏ గడియారమూ చెప్పక్కర్లేదు, చెవుల్లోనే కొట్టుకునేది. హేచరీ గేటు దగ్గర బయలుదేరి ఇసుకలో తుఫాను షెల్టరు దాకా వెళ్ళి తిరిగి రావాలి. మొత్తం మూడు కిలోమీటర్లు. మొదట్లో పదకొండు మందిమి. రోజూ ఏడు గంటలకల్లా కిషోర్ బాబు వాట్సాప్ గ్రూపులో జాబితా పెట్టేవాడు, ఎవరు ఎన్ని నిమిషాల్లో వచ్చారు, ఎవరిది ఎన్నో స్థానం అని. మొదటి పేరు పక్కన కప్పు బొమ్మ, చివరి పేరు పక్కన తాబేలు బొమ్మ.

"ఇదంతా మోటివేషన్ కోసం మేడమ్" అనేవాడు.

ఆ మోటివేషన్ ఎలా పనిచేసిందో చెబుతాను. తాబేలు మొదట పోస్టాఫీసు పెంచలకృష్ణకు వచ్చింది. పది రోజులు మోసి, పదకొండో రోజు నడుం పట్టేసిందని కబురు పంపాడు. తాబేలు నర్సమ్మ సాయిలక్ష్మికి వెళ్ళింది. ఆమెకు ఉన్నట్టుండి డ్యూటీలు ఎక్కువయ్యాయి. తర్వాత రేషన్ షాపు రమణయ్య. మంచి బూట్లు కొనుక్కుని వస్తానని వెళ్ళాడు, ఇంకా కొంటూనే ఉన్నాడు. ఇలా తోకవైపు నుంచి ఒక్కొక్కరే రాలిపోయి, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆ తోక నేనయ్యాను.

నాలుగు రోజులు తాబేలు నా పేరు పక్కనే కూర్చుంది. ఆ గ్రూపులో మా స్కూలు స్టాఫంతా ఉన్నారు. నాలుగో రోజు నేను క్లాసులోకి వెళ్ళేసరికి బోర్డు మీద ఎవరో తాబేలు బొమ్మ గీసి పెట్టారు. పొరపాటున కూడా అది బాగా లేదనలేం. సాయంత్రం ఒంటరిగా ఒడ్డుకు వెళ్ళి, బూట్లు విప్పి ఇసుకకేసి కొట్టి, వట్టి కాళ్ళతో ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున వెళ్ళింది పరుగెత్తడానికి కాదు, బూట్లు తెచ్చుకోవడానికి. కొత్తవి మరి.

అక్కడ ఒకాయన నా బూట్లలో ఇసుక దులుపుతూ కనిపించాడు. అరవైకి దగ్గర పడ్డవాడు, బక్కపలచని మనిషి. లుంగీ పైకి మడిచి కట్టి, తలకు తువాలు చుట్టుకున్నాడు. కొడుకులు వేటకు పోతుంటే ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసే చిన్నపోలయ్య.

"ఇయ్యి మీయేనా టీచరమ్మా?" అన్నాడు. "నేను గూడా పరిగెత్తొచ్చా మీతో?"

"నీకెందుకు పోలయ్యా ఈ ఖర్మ?"

"ఊరికే. కాళ్ళు పట్టేసినట్టు ఉంటుండాయి."

ఒకడు కొత్తగా వచ్చినప్పుడు మనం వెళ్ళిపోతే బాగుండదని, ఆ ఒక్కరోజుకు బూట్లు వేసుకున్నాను. పోలయ్య నా తర్వాత నాలుగు నిమిషాలకు వచ్చాడు. తాబేలు నన్ను వదిలి అతన్ని పట్టుకుంది. ఆ రోజు నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

ఇక అక్కడినుంచి రోజూ అదే. "ఈరోజు ఏమైంది పోలయ్యా?" అని అడిగేదాన్ని. అడగడంలో నాకు ఎంత సుఖం ఉండేదో చెప్పుకుంటే సిగ్గుచేటు.

"ముల్లు గుచ్చుకునింది టీచరమ్మా."

మర్నాడు, "పీత ఒకటి ఎల్లకిలా పడుండాది. తిప్పి పంపించినా."

ఆ మర్నాడు, "మా అల్లుడు ఫోన్ చేసినాడు."

"నీకు ఫోన్ లేదు కదయ్యా?"

"అందుకే ఆలీసమైంది."

ఒక రోజు నాకు జ్వరం. పరుగెత్తలేదు, నడిచాను, అదీ శవం వెనక నడిచినంత మెల్లగా. పోలయ్య అప్పుడూ నా వెనకే ఉన్నాడు. ఓపిక లేక ఇసుకలో కూలబడ్డాను. తిరిగి చూస్తే ఇరవై అడుగుల వెనక అతనూ కూలబడి ఉన్నాడు. లేచాను, లేచాడు. గేటు చేరాక రొప్పుతూ వచ్చి, "ఈ పొద్దు మీరు శానా స్పీడుగా ఉండారు, అందుకోలేకపోయినా" అన్నాడు. నేను నమ్మాను. పొగడ్త అయితే మనిషి ఏదైనా నమ్ముతాడు.

అక్కడితో ఆగానా? పోలయ్యకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. చేతులు ఎలా ఊపాలి, ఊపిరి ఎలా పీల్చాలి. "మనిషన్నాక పట్టుదల ఉండాలి పోలయ్యా, నన్ను చూడు" అనేదాన్ని. "ఔ టీచరమ్మా" అని బుద్ధిగా తల ఊపేవాడు. అరవై ఏళ్ళుగా ఇసుకలో తిరిగిన మనిషికి ఇసుకలో అడుగు ఎలా వేయాలో నేను నేర్పించాను. ఏడాది తిరిగేసరికి నా బరువు డెబ్బై తొమ్మిదికి వచ్చింది, మోకాళ్ళు మెట్లెక్కాయి, ఇంట్లో పట్టిక చదవడం ఆగిపోయింది. ఇదంతా నా ఘనతే అనుకున్నాను.

రెండో ఏడు మార్చిలో ఒక పొద్దున, మేము షెల్టరుకు అర కిలోమీటరు దూరంలో ఉండగా, ముందర ఒక ఫైబర్ బోటు తాడు జారి నీళ్ళలోకి పోతోంది. దాని దగ్గర చేపలు ఏరుకుంటున్న దుర్గ ఒక్కతే తాడు పట్టుకుని, బోటు తనను లాక్కుపోతుంటే కేకలు పెడుతోంది. నా పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. కుక్కేమో అనుకున్నాను. కుక్క లుంగీ కట్టదు. పోలయ్య నన్ను దాటాడు, మిగిలిన నలుగురినీ దాటాడు, ఎప్పుడూ ఎవరికీ వీపు తప్ప ముఖం చూపించని కిషోర్ బాబును దాటాడు. మేము రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి బోటు ఒడ్డుకు చేరింది, తాడు గుంజకు కట్టేశాడు, దుర్గతో రొయ్యల సంగతి మాట్లాడుతున్నాడు. మామూలుగా ఊపిరి తీసుకుంటున్నాడు. నన్ను చూశాక ఆయాసం తెచ్చుకున్నాడు.

కిషోర్ బాబు గడియారం వంక, పోలయ్య వంక మార్చి మార్చి చూశాడు. నేను మాత్రం ఎటూ చూడలేకపోయాను. ఏడాదీ రెండు నెలలు నేను గెలిచిన గెలుపంతా నా దోసిట్లో ఎవరో వేసిన భిక్షం. పైగా ఆ వేసినవాడికే పట్టుదల గురించి ఉపన్యాసాలు చెప్పాను. అందరూ వెళ్ళాక పోలయ్యను పట్టుకున్నాను.

"నన్ను పిచ్చిదాన్ని చేశావు కదా."

"అట్ట కాదు టీచరమ్మా." తువాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అలివి వల లాగేది చూసినారా మీరు?"

చూశాను. వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చి ఊరంతా వరసగా నిలబడి లాగుతారు.

"తాడు కడాన గట్టోడు నిలబడతాడు. ముసిలోళ్ళు, కొత్తోళ్ళు ముందర. కడాన ఎవురూ లేకపోతే, అల గుంజినప్పుడు ముందరోళ్ళ చేతులు జారిపోతాయి. వల వచ్చినాక చేపలు అందురికీ సమానం. ఎవురు ముందర, ఎవురు ఎనక అని మాలో ఎవురూ రాసుకోరు. ఆ బాబు రాస్తా ఉండాడు. కడాన ఉండేవోళ్ళు పోతా ఉండారు. ఒడ్డున కూసోని చూస్తా ఉండాను గదా. కడాన నేనుంటే సరిపోదా అనుకున్నా."

"అంటే నా మీద జాలి."

"జాలేందమ్మా. ఆ పొద్దు మీరు బూట్లు కొట్టిన ఇసురు చూసినా. ఇంత కోపం పెట్టుకోని ఇంట్లో కూసుంటే సారు బతకడు అనుకున్నా."

నవ్వు వచ్చింది. దాన్ని మింగి, కోపంతోనే ఇంటికి వెళ్ళాను. మూడు రోజులు ఒడ్డు మొహం చూడలేదు. మూడో రోజు నరేంద్రబాబు కాఫీ తాగుతూ, "కుట్టు మిషను, హిందీ పరీక్ష, యోగా, కొర్రన్నం" అని, ఐదో దానికోసం నా వంక చూశాడు. కాఫీ గ్లాసు చేతిలోంచి లాక్కుని, మర్నాడు తెల్లారకముందే బూట్లు కట్టుకున్నాను.

అక్కడ పరిస్థితి మారిపోయింది. కిషోర్ బాబు పోలయ్యను కావలిలో జరిగే పోటీకి తీసుకెళ్ళాలని తన పక్కన పెట్టుకుని ముందు వరసలో పరుగెత్తిస్తున్నాడు. పోలయ్య ముందుకు పరుగెత్తుతూ మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. వెనక బిందు ఉంది. హేచరీ ల్యాబులో కొత్తగా చేరిన పిల్ల, లావుపాటి మనిషి, మూడు రోజులుగా చివర వస్తున్నదట. ముఖం ఎర్రగా కందిపోయి, కళ్ళు నేలమీద పెట్టుకుని పరుగెత్తుతోంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఇంకో రెండు రోజుల్లో ఈ పిల్లకు డ్యూటీలు ఎక్కువవుతాయి.

బిందు పక్కకు వచ్చాను. దాటబోయాను. దాటడం నాకు ఇప్పుడు వచ్చు, అరకొరగానైనా. కాళ్ళు ఆగిపోయాయి.

"ఏమైంది మేడమ్?" అంది.

"మోకాలు. నువ్వు పద, నీ స్పీడు నావల్ల కాదు."

ఆ పిల్ల తల కొంచెం పైకి లేచింది. నాలుగు అడుగులు నిటారుగా వేసింది. నేను నింపాదిగా వెనక పడ్డాను. అంతలో ముందునుంచి పోలయ్య తప్పించుకుని మా వైపు వస్తూ కనిపించాడు. కుంటుతూ.

"కాల్లో గాజు పెంకు" అన్నాడు, నా వెనక చేరుతూ.

"ఇక్కడ నేనున్నాను. నువ్వు పో పోలయ్యా."

"మీకంత బలం యాడిది టీచరమ్మా, పోండి ముందరికి."

ఇద్దరం ఆగాం. కడాన వచ్చే చోటు కోసం ఇద్దరు పెద్దమనుషులు ఒకరి వెనక ఒకరు చేరుతూ, ఇసుకలో వెనక్కి నడుస్తూ పోట్లాడుకుంటుంటే, బిందు మా ఇద్దరినీ వదిలి చాలా దూరం వెళ్ళిపోయింది. దూరం నుంచి ఒకసారి తిరిగి చూసి నవ్వింది కూడా. గేటు దగ్గర నేను చెట్టు పట్టుకుని ఆగిపోయాను. పోలయ్య చూసి చూసి, విధిలేక ఒక అడుగు ముందు వేశాడు. వేసి, పెద్ద నష్టం జరిగినట్టు మూతి ముడుచుకున్నాడు.

"రేపు నాకియ్యండి టీచరమ్మా."

"ఆదివారం తీసుకో" అన్నాను.

ఆదివారాలు మాకు పరుగు లేదు.