జడత్వం అంటే జడ కాదమ్మా

మా అమ్మాయి పోయింది. మీలో చాలామందికి ఆమె సైన్సు టీచరమ్మ. జ్వరమని ఒంగోలు ఆస్పత్రికి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఎవరి సాయమూ లేకుండా తనే ఆటో ఎక్కిందట.

కబురు వచ్చేసరికి నేను కల్లంలో ఉన్నాను. మబ్బు పట్టింది. ఆరబోసిన మిరపకాయల మీద పట్టా కప్పుతున్నాం. పట్టా కొస ఒక చేత్తో పట్టుకునే ఫోను ఎత్తాను. అల్లుడు "అత్తయ్యా" అన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆ కొస లాక్కుంటూ నడిచాను. అవతలి దాకా వెళ్లి, పట్టా సరిచేసి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, అప్పుడు కూలబడ్డాను. చూసినవాళ్లు దీని గుండె రాయి అనుకుని ఉంటారు. కాదు. దానికి మా అమ్మాయి దగ్గర ఒక మాట ఉంది.

స్కూలు వాళ్లు ఆమె పేరున చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. కుదురుగా కూర్చుని రాసింది కాదు ఇది. రెండు ముక్కలు రాయడం, లేచి వెళ్లి ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడవడం, వచ్చి మళ్లీ రాయడం.

హైస్కూల్లో ఉన్నప్పుడు పొద్దున్నే నా చేత జడ వేయించుకుంటూ పాఠం పైకి చదివేది. ఒకరోజు "జడత్వం, జడత్వం" అని ఒకటే పాట.

"జడ గురించి కూడా పాఠం పెట్టారేంటే? నన్నడిగితే నేను చెప్పనా ఎట్టా వెయ్యాలో!" అన్నాను.

"అబ్బా, జడత్వం అంటే జడ కాదమ్మా! కూర్చున్నది కూర్చునే ఉంటుంది. పోయేది పోతూనే ఉంటుంది. బయటి నుంచి ఎవరో ఒకరు నెట్టాలి, లేకపోతే ఆపాలి. అప్పటిదాకా మారదు."

"అయితే అది మీ నాన్నకుంది. అరుగెక్కితే నేను నెట్టాల్సిందే."

"ఇక్కడే ఉన్నా, వినపడుతోంది" అన్నారు మా ఆయన అరుగు మీది నుంచి. లేవలేదు మాత్రం.

అమ్మాయి పగలబడి నవ్వింది. నా చేతిలో జడ కాస్తా వంకరపోయింది. "కదలకే" అంటే, "నువ్వు ఆపితేనే ఆగుతా" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో బద్ధకానికి జడే పేరు. "నాన్నకి జడ పట్టిందమ్మా, టీ ఇచ్చి లేపు" అనేది.

సెలవుల్లో నాతోపాటు మిరపకాయల కోతకి వచ్చేది. ఆటోలో ఒకరి మీద ఒకరం కూర్చుని పోయేవాళ్లం. ఒకసారి గేదె అడ్డమొచ్చింది. ఆటో అతను బ్రేకు కొట్టాడు. వెనకామె వెళ్లి ముందామె మీద పడింది.

"కళ్లు కనపడట్లా? మీదెక్కి తొక్కుతున్నావ్!"

"నేనేమన్నా కావాలని పడ్డానా?"

మా అమ్మాయి మధ్యలో దూరింది. "పిన్నీ, ఆవిడ తప్పేం లేదు. ఆటో ఆగింది, ఆవిడ ఒళ్లు ఆగలా. ఇందాకటి పరుగు ఇంకా ఒంట్లో ఉంది."

"ఓసి నీ పాఠం పాడుగాను! నా నడుం ఇరిగితే ఆ పరుగొచ్చి కాయ కోస్తుందా?"

ఆటో అంతా నవ్వులు. గొడవ అక్కడితో పోయింది. కబురు వచ్చిన రోజు కల్లంలో పట్టా లాక్కుంటూ నడిచిందీ ఆ ఇందాకటి పరుగే.

టీచరయ్యాక ఒక ఆదివారం వచ్చి ఖాళీ మిరప గోతం అడిగింది. "ఉండు, ఉతికిస్తా" అంటే, "ఉతకొద్దమ్మా, నాక్కావలసింది దుమ్మే" అంది. మర్నాడు క్లాసులో ఆ గోతం వేలాడదీసి కర్రతో ఒక్కటి వేసిందట. గోతం వెనక్కి పోయింది. కదలనన్న కారం దుమ్ము గాలిలో మిగిలింది. క్లాసంతా తుమ్ములు. ఏమైందోనని పరిగెత్తుకొచ్చిన హెడ్మాస్టరు గారు కూడా తుమ్ముకుంటూ వెనక్కి వెళ్లారట. "ఇక వీళ్లు జన్మలో మర్చిపోరమ్మా" అని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఆ తుమ్మినవాళ్లు మీలోనే ఉన్నారు.

ఒంట్లో బాగాలేకపోయినా నేను పని ఆపేదాన్ని కాదు. అమ్మాయి వచ్చి నా మణికట్టు పట్టుకునేది. గట్టిగా కాదు, వదలకుండా. "నెట్టడానికే కాదమ్మా, ఆపడానికీ ఒక చెయ్యి కావాలి" అనేది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. నా కాళ్లు ఒకచోట నిలవవు.

దినం అయ్యాక మనవరాలిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఏడో తరగతి. వచ్చిన దగ్గర్నుంచి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. బడికి పోదు. తల ముట్టుకోనివ్వదు. ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దున వాళ్లమ్మ జ్వరంతోనే దానికి రెండు జడలు వేసింది. అవి విప్పనంటుంది. జుట్టు రేగిపోయి అట్టలు కట్టింది. మా ఆడపడుచు కత్తెర తెచ్చింది.

"ఈ చిక్కు ఇక రాదు వదినా. కత్తిరించేద్దాం. జుట్టేగా, మళ్లీ వస్తుంది."

పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. కత్తెర లోపల పెట్టించాను. కానీ ఎన్నాళ్లు? ఇలాగే ఉంటే జుట్టూ పోతుంది, చదువూ పోతుంది. దానికి కదలడం రావడం లేదు, నాకు ఆగడం రావడం లేదు. రెండింటికీ మా అమ్మాయి ఒకటే పేరు చెప్పింది.

మొన్న నేను వాకిలి మళ్లీ ఊడుస్తుంటే పిల్ల లేచి వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మమ్మా, ఇక కూర్చో."

అచ్చం వాళ్లమ్మ పట్టు. చీపురు జారిపోయింది. కూర్చున్నాను.

"నన్ను నువ్వు ఆపావు. మరి నిన్ను నేను నెట్టొద్దా?" అన్నాను.

పిల్ల రెండు జడలూ గుప్పిట్లో పట్టుకుంది. "విప్పితే అమ్మ వేసింది పోతుంది" అంది.

"ఏమోనే" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

తనే వెళ్లి కొబ్బరినూనె తెచ్చి నా ముందు కూర్చుంది. రిబ్బను ముడి తనే లాగింది. దువ్వెన పెడితే తెగుతుందని వేళ్లతోనే, కింది నుంచి, ఒక్కో చిక్కూ తీశాను. రెండు జడల పాయలూ విడివడ్డాయి. జుట్టు సాఫుగా జారలేదు. పాయ పాయకీ మెలికలు. వాళ్లమ్మ వేళ్లు ఎక్కడ తిప్పాయో అక్కడ, తిప్పినట్టే ఉన్నాయి.

పిల్ల పాయని భుజం మీదికి లాక్కుని చూసుకుంది. "పోలేదు అమ్మమ్మా" అంది.

ఆ మెలికల వెంటే మళ్లీ జడలు వేశాను.

ఇవాళ బడికి వెళ్లింది. మా ఇంటి గేటు దగ్గర నిలబడి చూశాను. రోడ్డు మలుపు దాకా పరుగులాంటి నడక. అక్కడ ఏం గుర్తొచ్చిందో, ఠక్కున ఆగింది. తను ఆగిపోయింది, వీపు మీద జడలు రెండూ ఇంకా ఊగుతూనే ఉన్నాయి.